దేవునికిచ్చిన తప్పు కొలత

మట్టిని తన చేతులతో పిసికి మనిషిని చేసి, చేసినదాన్ని చూసి బాగుందని సంతోషించిన దేవునికి స్తోత్రం. తల్లి కడుపులో, ఎవరి కన్నూ పడని చోట, ఎముకకు ఎముక జతచేసినవానికి స్తోత్రం. ఆయన చేతిపనిని దిద్దుతామని బోర్డు కట్టుకొని కూర్చున్నవాళ్ళ సంగతి కూడా ఇందులో రాయాల్సి వస్తుంది. అందుకని ముందు ఆయనను స్తుతించి నోరు శుభ్రం చేసుకుంటున్నాను.

ఆమె పోయి నాలుగు నెలలైంది. హుస్సేనీ ఆలంలో మా ఇంటి వెనక గల్లీలో, ఒంటి గదిలో, నలభై ఏళ్ళు ఆడవాళ్ళ బట్టలు కుట్టింది. ఆమె పేరు రాయను. తన దగ్గరికి ఎవరు వచ్చిపోతారో ఎవరికీ చెప్పని మనిషి, తన పేరు అచ్చులో చూస్తే మూతి ముడుచుకునేది. మేమంతా పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం.

పెదవుల మధ్య ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులు ఉండేవి. మాటలన్నీ పళ్ళ సందులోంచి, సూదులు కదలకుండా, సన్నగా వచ్చేవి. మెడలో టేపు. మా చర్చి సంఘానికి కూడా ఆ టేపుతోనే వచ్చేది. ప్రభువు బల్ల రొట్టె, రసం తీసుకునే ఆదివారం మా పాస్టరు అయ్యగారు ఆమె ముందు ఆగి, "టేపు తీసి రావచ్చు గదమ్మా" అనేవారు. "తీస్త అయ్యగారు" అనేది. మళ్ళీ నెల అదే టేపు, అదే మాట.

కూర్చునేది చివరి బెంచీలో. ముందుకు రమ్మంటే, "ఎనక గూసుంటెనే నా కుట్లు నాకు గనవడ్తయి" అనేది. వాక్యం వింటూనే ముందు వరుసల వీపులన్నీ చూసుకునేది. ఆరాధన అయిపోయి బయటికి వస్తుంటే మెట్ల దగ్గర ఎవరో ఒకరి భుజం పట్టుకొని, "చంక కాడ ముడుత వడ్డది, రేపు పంపియ్యి" అనేది. వందనాలు ఆ తర్వాత చెప్పేది.

గదిలో పూల దుప్పటి ఒకటి పరదాగా కట్టి ఉండేది. దాని వెనకే కొలతలు. ఎవరైనా "నాది ముప్పై ఆరు పెద్దమ్మా, రాసుకో" అంటే ఒప్పుకునేది కాదు.

"నోటి కొలత నాకద్దు. చేతులు లేపు."

రెండుసార్లు కొలిచేది. రెండోసారి వేలు లోపల పెట్టి. కడుపు లోపలికి లాక్కునేవాళ్ళను చూస్తే ఆమెకు నవ్వు. "ఊపిరి వట్టుకోకు. నువ్వు గిప్పుడు ఊపిరి వట్టుకుంటే, జాకెట్టు ఏడాదంత నిన్ను ఊపిరి వట్టుకోమంటది."

పెళ్ళికూతుళ్ళు ఫోనులో ఎవరెవరి ఫొటోలో తెచ్చి, గిట్ల కనపడాలె అనేవాళ్ళు. ఆమె ఫొటో చూసేది, పిల్లను చూసేది. "గామెది గామెది. నీది నీది" అనేది. తర్వాత లోపల మెత్త పెట్టో, టక్కుల మడతలు మార్చో, పిల్ల అద్దంలో చూసుకొని మురిసిపోయేలా కుట్టిచ్చేది. బార్కస్ నుంచి ఆటోలో వచ్చే ముసలమ్మలకు "ఫికర్ నక్కో కరో అమ్మా" అని ధైర్యం చెప్పేది. అందరికీ చెప్పే మాట ఒకటే. "బట్టను ఎన్నితీర్లన్న కోస్త. బట్ట నీకు సర్దుకోవాలె. నువ్వెందుకు బట్టకు సర్దుకోవాలె?"

ఇక ఆ పుస్తకం. పొడుగాటి నోటుబుక్కు, మనిషికొక పేజీ. కొత్త కొలత తీసుకున్నప్పుడు పాతది కొట్టేసేది కాదు. తేదీ వేసి కింద రాసేది. అట్లా ఒక్కొక్క పేజీలో ఒక్కొక్క ఆడమనిషి పెళ్ళి, కాన్పులు, జబ్బులు, కోలుకోవడాలు అంకెల్లో ఉండేవి. మన పేజీ తెరిచినప్పుడు పక్క పేజీ మీద ఎడమ అరచెయ్యి పరిచి పెట్టేది. రాయడం అయిపోయేదాకా ఆ చెయ్యి లేచేది కాదు. ఇరవై ఏళ్ళలో నా పక్క పేజీ ఎవరిదో నాకు తెలియదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి.

నా మరిది భార్య, మా యారాలు, మా ఇంట్లోనే పై అంతస్తులో ఉంటుంది. ఇద్దరు పిల్లలకు పాలిచ్చి పెంచింది. మరిదికి కంచన్‌బాగ్ వైపు ఉద్యోగం. ఆదివారం సంఘంలో డోలకు వాయిస్తాడు, బాగా వాయిస్తాడు. ఒకరోజు అన్నం తింటూ అందరి ముందూ, "పిల్లలు వుట్టినంక నువ్వు సగమైనవ్" అని భార్య ఒంటిని చూపించి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నోట్లో పాచిలా ఉంది.

తర్వాత ఫోనులో బొమ్మలు చూపించడం మొదలైంది. తర్వాత ఒకరోజు ఆమెను నగరం అవతలి పక్కకు, ఒక అద్దాల బిల్డింగుకు తీసుకుపోయాడు. కింద అంతస్తులో బట్టతలకు జుట్టు నాటుతారు, పైన ఆడవాళ్ళ రొమ్ములు పెద్దవి చేస్తారు. అక్కడ ఒక అమ్మాయి ట్రేలో జెల్లు సంచులు పెట్టి తెచ్చిందట. చిన్నవి, పెద్దవి. ఏది కావాలని మా యారాలిని ఎవరూ అడగలేదు. మరిది ఒక్కొక్కటి చేతిలోకి తీసుకొని, బండి మీద మామిడిపండ్లు పిసికినట్టు పిసికి చూసి, "గిది వెట్టుండ్రి" అన్నాడట. ఆమె ఛాతీ ఎంతో, చర్మం ఎంత సాగుతుందో కొలిచినవాళ్ళు లేరు. నోటి కొలత.

"వంద శాతం సేఫ్ సార్. లైఫ్‌లాంగ్ ఉంటది. పొద్దున వస్తే సాయంత్రం ఇంటికి పోవచ్చు" అని ఆ అమ్మాయి చెప్పింది. ఇంగ్లీషు కాగితాలు చాలా ఉన్నాయి. మా యారాలు చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. కోసేవాడు నిజంగా ప్లాస్టిక్ సర్జనో కాదో అడగలేదు. ఆ గదిలో పేషెంటుకు ఊపిరి ఆడకపోతే ఏం చేస్తారో అడగలేదు. కూరగాయలు కొనేటప్పుడు బెండకాయ తుంచి చూసే ఇల్లు మాది.

ఆపరేషన్ అయిపోయి కట్టు విప్పాక ఆమె నాకు చెప్పింది. నేను సండే స్కూలు టీచరును. నొప్పి ఉందా అని అడగకముందే అలంకారం గురించి, ఒళ్ళు దేవుని ఆలయమనే దాని గురించి పాఠం చెప్పాను. ఆమె తల వంచుకొని విన్నది. డోలకు వాయించేవాడికి మాత్రం ఆ పాఠం చెప్పలేదు.

పాత జాకెట్లు పట్టలేదు. ఈస్టరుకు కొత్తవి కావాలి. ఇద్దరం పెద్దమ్మ దగ్గరికి పోయాం. పరదా వెనక ఆమె టేపు చుట్టింది, ఆగింది. నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. పనిలో ఉండగా సూదులు లేని ఆమె నోరు నేను చూడడం అదే మొదలు.

"ఏడ జేయించుకున్నవ్ బిడ్డా?"

మా యారాలు ఏడ్చింది. పెద్దమ్మ తిట్టలేదు. భుజం నుంచి కిందికి కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి వేరువేరుగా కొలిచింది. తేదీ వేసి రాసుకుంది.

"గిప్పటికి రెండు దిక్కులు సమానంగనే ఉన్నయి. గని నెలకొక్కసారి నా తానికి రా. జాకెట్టు ఉన్నా లేకున్నా రా."

"ఎందుకు పెద్దమ్మా?"

"కొత్త బట్ట ఉతికినంక ఏమైతదో సూడాలె గదా."

ఎండాకాలం దాటేసరికి కుడివైపు పావు అంగుళం పైకి లేచింది. తర్వాత అరంగుళం. వానలు తగ్గేనాటికి అంగుళం. పట్టుకుంటే గట్టిగా ఉంది, పడుకుంటే పక్కకు ఒరగదు. పెద్దమ్మ నొక్కి చూసి, "గిది మాంసం లెక్క లేదు, బల్ల లెక్క ఉన్నది. పెద్ద దవాఖానల చూపియ్యి" అంది. మా యారాలు అక్కడి నుంచే క్లినిక్కుకు ఫోను చేసింది. అవతల తియ్యటి గొంతు. "నార్మల్ మేడమ్. మసాజ్ చేసుకోండి. బాడీ అడ్జస్ట్ అయిపోతుంది."

"ఏమంటున్నది?" అని అడిగింది పెద్దమ్మ.

"పెయ్యి సర్దుకుంటదంట."

ఆమె కత్తెర బల్ల మీద పెట్టింది. "గంత సదువుకున్నోల్లు గిదేం మాట" అని మాత్రం అంది.

దవాఖానకు పోదామని మా యారాలు రెండుసార్లు అడిగింది. "ఎవరన్న తెలిసినోల్లు కనవడ్తరు. సంఘంల ఇజ్జత్ వోతది" అన్నాడు మరిది. నాకూ అదే సబబు అనిపించింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, అదే సబబు అనిపించింది.

ఒక శుక్రవారం జ్వరం వచ్చింది. శనివారానికి కుడివైపంతా ఎర్రబడి, ముట్టుకుంటే కాలింది. ఆదివారం పొద్దున ఆమె మంచం దిగలేకపోయింది. పిల్లలను పక్కింట్లో వదిలి మేము సంఘానికి పోయాం. మా దగ్గర ప్రార్థన మనవులు చీటీల మీద రాసి పెట్టెలో వేస్తారు, అయ్యగారు పైకి చదువుతారు. నేను చీటీ తీసుకొని, పెన్ను పట్టుకొని, కాసేపు ఆలోచించి రాశాను: మా యారాలికి జ్వరం, ఛాతీలో గ్యాస్ నొప్పి, స్వస్థత కొరకు.

అయ్యగారు చదివారు. రెండు వందల మంది చేతులెత్తారు. కొందరు కన్నీళ్ళు పెట్టుకున్నారు. సంఘంలోని నా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు గ్యాస్ కోసం దేవునికి మొరపెట్టుకుంటుంటే మరిది డోలకు మీద మెల్లగా దరువు వేస్తున్నాడు. ఆరాధన అయ్యాక ఒకామె వచ్చి వాము నీళ్ళు తాపమంది. ఇంకొకామె శనగపప్పు మాన్పించమంది. ఇద్దరికీ సరే అన్నాను. ఆ పూట నాకు నేను ఎంత అసహ్యమయ్యానో, అంతకు ముందూ తర్వాతా ఎన్నడూ కాలేదు.

మెట్ల మీద ఎవరో భుజం పట్టుకున్నారు. చంక దగ్గర ముడత అంటుందనుకున్నాను.

"జ్వరం ఎన్నొద్దుల సంది?" అంది పెద్దమ్మ.

"రెండొద్దులు."

"ఎర్రగైందా?"

తల ఊపాను.

"మరి గ్యాస్ అని రాసినవేంది?"

"గంత మందిల ఎట్ల రాస్త పెద్దమ్మా."

"మందికి రాసినవా, ఆయనకు రాసినవా?"

ఆమె గొంతు పెంచలేదు. నా జాకెట్టు అంచు సర్దుతూనే అంది. "ముప్పై ఆరు అని నోటితోని జెప్తే టైలర్‌ను నేనే ఒప్పుకోను. దేవునికి తప్పు కొలత ఇచ్చి, సరిగ కుట్టియ్యమంటవా బిడ్డా?"

బైబిల్లో పన్నెండేళ్ళు రక్తం పోయి, యేసు అంగీ అంచు ముట్టి బాగుపడిన స్త్రీ కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. గుంపు మధ్యలో, వణుకుతూ, ఉన్నదంతా ఆయనకు చెప్పేసిందని చేతులు తిప్పుతూ చెప్పేదాన్ని. ఆ మాట నాలోకి దిగింది ఆ మెట్ల మీద.

పెద్దమ్మ గదికి పోయి పుస్తకం తెచ్చుకొని మా ఇంటికి వచ్చింది. మరిది మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"పెద్దమ్మా, గిది మా ఇంటి సంగతి."

"నీ ఇంటి సంగతి నా పుస్తకంల ఉన్నది. జరుగు."

ఆయన నా వైపు తిరిగాడు. "వదినే, గిప్పుడు దవాఖానంటే లొల్లైతది. రేపు క్లినిక్కోల్లనే అడుగుత."

పెళ్ళై ఆ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి మరిదికి ఎదురు చెప్పలేదు. "తమ్మీ, నువ్వు ఆటో తెస్తవా, నేను గల్లీల నిలవడి అందరిని పిలవాల్నా?" అన్నాను. ఆయన ఆటో తెచ్చాడు.

పెద్ద దవాఖానలో డ్యూటీలో ఉన్నది ఒక లేడీ డాక్టరు. ఏ కంపెనీది పెట్టారు, ఎంత సైజు, కార్డు ఇచ్చారా అని అడిగింది. లోపల పెట్టినదాని వివరాలతో పేషెంటుకు ఒక కార్డు ఇస్తారట, అది జాగ్రత్తగా దాచుకోవాలట. క్లినిక్కు ఇచ్చిన సంచీలో వెతికితే మసాజు క్రీము, జుట్టు నాటించుకుంటే తగ్గింపు ఇస్తామనే కాగితం దొరికాయి.

"ఎప్పటి నుంచి గట్టిపడింది?"

"నిన్నటి నుంచే మేడమ్" అన్నాడు మరిది.

పెద్దమ్మ పుస్తకం డాక్టరు ముందు తెరిచింది. ఎడమ అరచెయ్యి పక్క పేజీ మీద పరిచింది. డాక్టరు వేలు పెట్టి పై నుంచి కిందికి చదివింది. ఈస్టరుకు ముందు సమానం. తర్వాత పావు. తర్వాత అర. తర్వాత ఒకటి. ప్రతిదానికీ తేదీ.

"ఇది ఎవరు రాశారమ్మా?"

"నేనే బిడ్డా. టైలర్‌ను."

"మా కేసు షీట్లు కూడా ఇంత శుభ్రంగా ఉండవు" అంది డాక్టరు. తర్వాత మాకు అర్థమయ్యేలా చెప్పింది. ఒంట్లో బయటి వస్తువు పెడితే శరీరం దాని చుట్టూ పొర కట్టుకుంటుంది. అది అందరికీ జరిగేదే. కొందరిలో ఆ పొర బిగుసుకొని, లోపలి సంచిని నొక్కి, గట్టిగా చేసి పైకి తోస్తుంది. ఈమెకు నెలలుగా అదే జరిగింది. ఇప్పుడు దాని మీద చీము పట్టింది. సంచి లోపల ఉన్నంతవరకు ఆ చీము మందులకు లొంగేలా లేదు. ఈ రాత్రే తీసేయాలి. రక్తంలోకి పాకితే ప్రాణం మీదికి వస్తుంది.

మరిది గొంతు సవరించుకున్నాడు. ఇంతసేపటికి భార్య గురించి ఏదో అడగబోతున్నాడనుకున్నాను.

"మేడమ్, తీసేసినంక మల్ల ఎప్పుడు వెట్టిచ్చుకోవచ్చు?"

మంచం మీద మా యారాలు కళ్ళు మూసుకుంది. పెద్దమ్మ మాత్రం చిన్నపిల్లవానికి చెప్పినట్టు, "బయట గూసో పో బిడ్డా" అంది. ఆయన పోయాడు.

ఆ రాత్రి కుడివైపుది తీశారు. ఆమె బతికింది. దేవునికి స్తోత్రం.

తర్వాత ఒకరోజు నేను డాక్టరును అడిగాను, అసలు ఈ ఆపరేషనే పాపమా అని. నేను పాపమని అడిగాను, ఆమె వైద్యం చెప్పింది. నేర్చిన సర్జన్, సరైన ఆసుపత్రి అయితే చాలామందికి ప్రమాదం ఉండదు. క్యాన్సరుకు రొమ్ము తీసేసినవాళ్ళకు మేమే పెడతాం. కానీ లైఫ్‌లాంగ్ అన్నవాడు అబద్ధం చెప్పాడు. అది ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి రావచ్చు, తీయాల్సి రావచ్చు. లోపల పగిలినా పైకి తెలియకపోవచ్చు, అందుకే మధ్యమధ్య స్కానింగు కావాలి. ముట్టుకుంటే తెలియకపోవడం, పాలు తగ్గడం కూడా ఉంటాయి. ఏళ్ళ తర్వాత ఉన్నట్టుండి వాస్తే వెంటనే చూపించుకోవాలి, చాలా అరుదుగా అక్కడ ఒక రకం క్యాన్సరు వస్తుంది. ఇవన్నీ చెప్పి, విని, అర్థం చేసుకున్నాక ఆమె, ఆమె మాత్రమే, ఒప్పుకోవాలి. "మీ ఇంట్లో ఎవరు ఒప్పుకున్నారు?" అని అడిగింది డాక్టరు. జవాబు మామిడిపండు పిసికిన చెయ్యి.

కొన్ని నెలలకు మా యారాలు తనే చెప్పి ఎడమవైపుది కూడా తీయించుకుంది. క్లినిక్కు మీద ఫిర్యాదు ఇచ్చాం. సంతకాలు ఉన్నాయన్నారు వాళ్ళు. బోర్డు ఇంకా వెలుగుతూనే ఉంది.

గాయాలు మానాక మళ్ళీ పరదా వెనకకు పోయాం. కుడివైపు లోపలికి గుంట పడింది, రెండు వైపులు ఒకటిగా లేవు. పెద్దమ్మ రెండింటినీ వేరువేరుగా కొలిచి, రెండు వేరువేరు ముక్కలు కోసింది, కుడివైపు లోపల మెత్తటి బట్ట మడత పెట్టి కుట్టింది. వేసుకొని చూస్తే అద్దంలో తేడా లేదు. మా యారాలు చాలాసేపు అట్లాగే నిలబడింది.

"ఎవడన్న అడిగితే, జాకెట్టును అడుగుమను" అంది పెద్దమ్మ, సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకుంటూ.

పెద్దమ్మ పోయిన రోజు ఆమె కూతురు టేపు తెచ్చి మెడలో వేసింది. సమాధి పెట్టె మూసేముందు అయ్యగారు ఆ టేపు వైపు చూశారు. ఈసారి తీయమనలేదు.

పోయిన వారం ఆ కూతురే మా ఇంటికి వచ్చింది. పుస్తకంలోని పేజీలు ఎవరివి వాళ్ళకు, మడత పెట్టి, చేతికే ఇవ్వాలని అమ్మ చెప్పి పోయిందట. నా పేజీ నాకిచ్చింది. మా యారాలి పేజీ ఆమెకిచ్చింది. అదే రోజు మా స్త్రీల కూటమి ఫోను గ్రూపులోకి, ఎవరు పంపారో, అద్దాల బిల్డింగు ప్రకటన వచ్చింది. తల్లులకు ప్రత్యేక తగ్గింపు అట. దాని కింద రెండు నవ్వు బొమ్మలు వచ్చాయి. కాసేపటికి అదే గ్రూపులో మా యారాలి గొంతు వినిపించింది. "అక్కలు, ఎవరన్న పోయేటోల్లుంటే ముందుగాల నా తానికి రాండ్రి. చూపిస్త."

అప్పుడే ఇది రాద్దామనిపించి ఆమెను అడిగాను. పేజీ మడత విప్పి చూసుకుంటూ, "రాయి అక్కా. గ్యాస్ అని మాత్రం రాయకు" అంది.

మరిది ఇంకా డోలకు వాయిస్తాడు. ఆయన కోసం ప్రార్థించడం నాకు కష్టం. పళ్ళు బిగబట్టి చేస్తున్నాను.

చదువుతున్న అక్కల్లారా, అన్నల్లారా, ఆనాడు పెట్టెలో వేయాల్సిన చీటీ ఇది, ఆలస్యంగా వేస్తున్నాను. నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. తండ్రీ, ఇరవై నాలుగేళ్ళు సండే స్కూల్లో నిజం చెప్పమని నేర్పి, నీకే అబద్ధం రాసిన నన్ను క్షమించు. మా యారాలికి రొమ్ములు పెద్దవి చేసే ఆపరేషన్ చేశారు, అది గట్టిపడింది, చీము పట్టింది, నువ్వు బతికించావు. ఈ రోజు ఏ గదిలోనో ట్రే ముందు తల వంచుకొని కూర్చున్న ఆడబిడ్డకు నోరు ఇవ్వు, అడగాల్సినవి అడిగించు. ఆమె ఒంటిని నోటితో కొలిచేవాళ్ళ చేతులు ఆపు. కొలిచి, రాసి, చెప్పే ఒక్క మనిషినైనా ఆమె గల్లీలో ఉంచు. ఆమేన్.